జాగీరు మోసుకొచ్చేవాడు ఖిలాడీ ఎలా అవుతాడు?

ఈ మధ్య మన ఇళ్లలో ఒక కొత్త బహస్ మొదలైంది. పిల్లాడు రాత్రి రెండు దాటినా కంప్యూటర్ ముందు నుంచి లేవడు. అమ్మీ కోప్పడితే ఇదివరకు "బస్ అమ్మీ, పది నిమిషాలు" అనేవాడు. ఇప్పుడు మాట మారింది. "ఇది ఈ-స్పోర్ట్ అమ్మీ. సర్కారే ఒప్పుకుంది. నేను ప్రాక్టీస్ చేస్తున్నా" అంటున్నాడు. అబ్బాకి నోట మాట రాదు. క్రికెట్ బ్యాట్ కొనిచ్చినప్పుడు ప్రాక్టీస్ అంటే సరేనన్న మనిషి, ఇది ప్రాక్టీస్ కాదని ఏ దలీల్‌తో చెప్పాలి?

ఆ దలీల్ ఇవ్వడానికే ఇది రాస్తున్నాను. పిల్లలు ఆడే ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టను. ఒక్క రకం మీదే నా తకరార్. దాన్ని యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. డయాబ్లో, పాత్ ఆఫ్ ఎగ్జైల్, ఫోన్లో వచ్చే డయాబ్లో ఇమ్మోర్టల్ అన్నీ ఈ ఖాందాన్‌వే. ఇవి ఈ-స్పోర్ట్ అవుతాయా అంటే నా జవాబు సాఫ్‌గా చెప్తాను. మీ పిల్లాడు ఇంట్లో ఆడుతున్న తీరులో అయితే కావు. ఒక్క షర్తు మీద అవుతాయి. ఆ షర్తు ఏమిటో, అమ్ముకునేవాళ్లు దాన్ని ఎందుకు పైకి చెప్పరో విడమరిచి చెప్తాను.

ఆడని పెద్దల కోసం ముందు రెండు మాటలు. ఈ ఆటలో మన చేతికి ఒక హీరోని ఇస్తారు. తెర మీద గుహలు, శ్మశానాలు, పాడుబడ్డ ఖిల్లాలు. అడుగడుగునా రాక్షసులు. చంపితే వాళ్ల నుంచి సామాను రాలుతుంది: కత్తి, కవచం, ఉంగరం, తావీజు. ఏది రాలుతుందనేది కిస్మత్. ఎక్కువసార్లు చెత్త, ఎప్పుడో ఒకసారి ఖజానా. ఆ సామాను తొడుక్కుంటే హీరోకి బలం పెరుగుతుంది. ఇంకా పెద్ద రాక్షసుణ్ణి కొట్టొచ్చు. వాడి దగ్గర ఇంకా మంచి సామాను దొరుకుతుంది. ఈ సామానుకి ఆడేవాళ్లు పెట్టుకున్న పేరు లూట్. అవును, మన లూటే. ఇంగ్లీషువాళ్లు మన దేశం నుంచి పట్టుకెళ్లిన మాట, ఇప్పుడు వీడియో గేమ్‌లో కూర్చుని మన పిల్లల దగ్గరికి తిరిగొచ్చింది.

ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకి ఈ కథ అంత కొత్తేమీ కాదు. అమీర్ హమ్జా దాస్తాన్‌లో ఉమ్రో అయ్యార్ దగ్గర జంబీల్ అని ఒక సంచీ ఉంటుంది. ఎంత వేసినా అందులో పడుతుంది. తిలిస్మ్‌లోకి దిగడం, జాదూగర్లను చిత్తు చేయడం, దొరికింది దొరికినట్టు జంబీల్లో వేసుకోవడం. 1996 ఆఖర్లో వచ్చిన మొదటి డయాబ్లో నుంచి ఇవాళ్టిదాకా ఈ ఆటల గుండెకాయ కూడా ఆ సంచీయే. మజా అక్కడే ఉంది. నేను కాదనను. మా రోజుల్లో దాస్తాన్ పుస్తకం దిండు కింద పెట్టుకుని చదివినవాళ్లం, ఇవాళ్టి పిల్లల్ని ఏ మొహంతో కాదంటాం? కానీ ఉమ్రో అయ్యార్‌ని జంబీల్‌తో సహా అఖాడాలోకి దింపి, ఎదుటివాడితో కుస్తీ పట్టించి, గెలిస్తే కప్పు ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. బహస్ అంతా అక్కడే.

కుస్తీ సంగతే చూడండి. హైదరాబాద్ బార్కస్ వైపు పహిల్వాన్లు మట్టిలోకి దిగేటప్పుడు ఒంటి మీద లంగోటా తప్ప ఏమీ ఉండదు. నవాబు కొడుకైనా, హమాలీ కొడుకైనా అంతే. నిన్నటి దంగల్లో గెలిచిన గద ఇంట్లో గోడకి వేలాడుతుంది. ఆ గద తీసుకొచ్చి ఇవాళ ఎదుటివాడి నెత్తిన కొడతానంటే ఉస్తాద్ ఊరుకుంటాడా? క్రికెట్‌లో నిన్న కొట్టిన సెంచరీ ఇవాళ్టి స్కోరుబోర్డులో కలవదు. కబడ్డీలో పోయిన వారం పాయింట్లు ఈ వారం పనికిరావు. మైదానం గీత దాటి లోపలికి వచ్చాక ఇద్దరూ సున్నా దగ్గరే నిలబడాలి. ఆట అనే మాటకి ఇన్సాఫ్ వచ్చేది ఈ ఒక్క ఉసూల్ వల్లే.

ఈ-స్పోర్ట్‌గా నిలబడ్డ వీడియో గేముల్లోనూ ఇదే ఉసూల్ కనిపిస్తుంది. మన ఇళ్లలో అందరికీ తెలిసిన బీజీఎంఐ చూడండి. విమానం నుంచి దూకేటప్పుడు అందరివీ ఖాళీ చేతులే. తుపాకీ కింద దిగాకే వెతుక్కోవాలి. వేలు పోసి కొన్న బట్టలు అందానికి తప్ప బుల్లెట్‌ని ఆపడానికి పనికిరావు. టెక్కెన్ చూడండి. ఇద్దరికీ బలం గీత నిండుగానే మొదలవుతుంది. లాహోర్ కుర్రాడు అర్సలాన్ సిద్దీఖ్, ప్రపంచానికి అర్సలాన్ యాష్, 2019లో జపాన్‌లో జరిగిన ఈవో గెలిచి, అదే ఏడాది అమెరికాలోని లాస్ వెగాస్ ఈవో కూడా గెలిచాడు. ఒకే ఏడాది రెండూ గెలవడం అంతకుముందు ఎవరివల్లా కాలేదు. తర్వాత 2023లో, 2024లో మళ్లీ వెగాస్‌లో గెలిచాడు. జపాన్, కొరియా ఉస్తాదులను ఓడించడానికి అతను వెంట తీసుకెళ్లింది తన వేళ్లు, తన కళ్లు, లాహోర్ ఆర్కేడ్లలో దోస్తులతో చేసిన రియాజ్. అంతే. జంబీల్ లేదు.

మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు. నాతో ఈ బహస్ మొదలుపెట్టింది వాడే. తెలివైనవాడు, దలీల్ లేకుండా మాట్లాడడు. "మామూ, మీరు డోటాని ఈ-స్పోర్ట్ అంటారు. అందులోనూ హీరో ఉంటాడు, లెవెల్ ఉంటుంది, సామాను కొనుక్కోవాలి, రాక్షసుల్ని చంపితే బంగారం వస్తుంది. మరి మా డయాబ్లో చేసిన ఖసూర్ ఏంటి?" అన్నాడు.

మంచి సవాల్. జవాబు కూడా అందులోనే ఉంది. డోటా పుట్టిందే వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆట మీద ఆటగాళ్లు సొంతంగా చేసుకున్న మ్యాప్‌గా. హీరో, లెవెల్, సామాను అన్నీ రోల్ ప్లేయింగ్ ఆటల నుంచి వచ్చినవే. అయితే అక్కడ జిందగీ అంతా ఒక్క మ్యాచ్‌లో పుట్టి, అదే మ్యాచ్‌లో ముగుస్తుంది. పదిమందీ ఒకటో లెవెల్లో, జేబులో ఒకే మొత్తంతో మొదలవుతారు. అరగంట, ముప్పావుగంట, ఒక్కోసారి గంట. ఎవడి కోట కూలితే వాడు ఓడినట్టు. తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ అందరూ ఫకీర్లే. కరాచీలో పుట్టి అమెరికా వెళ్లిన సుమాయిల్ హసన్ 2015లో 16 ఏళ్లకే ఈ డోటా ప్రపంచ పోటీ, ది ఇంటర్నేషనల్, తన టీమ్‌తో గెలిచాడు. ఎదురుగా ఉన్నవాళ్లు అతని కంటే ఎన్నో ఏళ్లు ముందు నుంచి ఆడుతున్నవాళ్లు. ఆ ఏళ్లలో వాళ్లు కూడబెట్టిన సామాను మ్యాచ్‌లోకి తెచ్చుకునే వీలుంటే ఆ పిల్లాడు మొదటి పది నిమిషాల్లోనే ఇంటికి పోయేవాడు.

కాబట్టి లెవెల్ మీద, సామాను మీద నాకు తకరార్ లేదు. నిన్న సంపాదించింది ఇవాళ మైదానంలోకి మోసుకురావడం మీదే నా తకరార్. డయాబ్లోలో ఆ మోత మీదే ఆట నిలబడి ఉంది. వెయ్యి గంటలు ఆడినవాడి హీరో, వంద గంటలు ఆడినవాడి హీరో ఎదురెదురు నిలబడితే చేతుల్లో హునర్ ఎవరికి ఎక్కువో తెలిసే లోపే ఒకడు నేల మీద ఉంటాడు. దక్కన్‌లో పుట్టినవాళ్లం, దీనికి సరైన పేరు మనకి తెలుసు. ఇది జాగీర్దారీ. జాగీరు మోసుకొచ్చినవాణ్ణి ఖిలాడీ అనడం ఖిలాడీ అనే మాటకే బేఇజ్జతీ.

ఇది నేను బయట నిలబడి చేస్తున్న ఇల్జామ్ అనుకోకండి. ఆ ఆట చేసినవాళ్లకే ఈ సంగతి అందరికంటే ముందు తెలుసు. బ్లిజార్డ్ కంపెనీ డయాబ్లో 3ని 2012 మే నెలలో విడుదల చేసింది. ఆటగాళ్లు టీములుగా ఒకరితో ఒకరు కొట్టుకునే అఖాడా ఒకటి అందులో పెడతామని రెండేళ్ల ముందే చూపించారు. అప్పుడే దీన్ని ఈ-స్పోర్ట్ చేసే ఉద్దేశం తమకి లేదని కూడా చెప్పారు. 2012 డిసెంబర్‌కల్లా ఆ అఖాడానే పక్కన పెట్టేశారు. దాని బదులు 2013లో గెలుపోటముల లెక్క లేకుండా ఊరికే కొట్టుకునే ఒక మూల ఇచ్చి సరిపెట్టారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆ ఆటలో ఐదు రకాల హీరోలు, ఒక్కొక్కరికీ పదుల కొద్దీ విద్యలు, లెక్కలేనంత సామాను. రాక్షసుల గుంపుని ఒక్క దెబ్బకి ఊడ్చిపారేయడంలో ఉన్న ఖుషీ కోసం చేసిన బలం అది. అదే బలం మనిషి మీద పడితే రెండు సెకన్లలో ఖతం. బలం తగ్గిస్తే రాక్షసుల్ని ఊడ్చే ఖుషీ పోతుంది. తగ్గించకపోతే ముఖాబలా ఉండదు.

అదే డయాబ్లో 3లో సామానుని అసలు డబ్బుకి కొనుక్కునే వేలం దుకాణం కూడా పెట్టారు. కత్తి కావాలంటే రాక్షసుణ్ణి చంపనక్కర్లేదు, డాలర్లు ఉంటే చాలు. ఆటలో జాన్ పోయిందని జనం గోల పెట్టారు. చివరికి కంపెనీయే ఆ వేలం ఆటని పాడుచేస్తోందని ఒప్పుకుని 2014 మార్చిలో మూసేసింది. ఆ సబఖ్ ఎంతకాలం గుర్తుందంటే, 2022లో ఫోన్ల కోసం తెచ్చిన డయాబ్లో ఇమ్మోర్టల్‌లో డబ్బు ఇంకో దర్వాజా నుంచి లోపలికి వచ్చింది. హీరో బలం పెంచే రత్నాలు కిస్మత్ మీద దొరుకుతాయి, ఆ కిస్మత్‌కి టికెట్లు డబ్బుకి దొరుకుతాయి. లూట్ బాక్సుల మీద ఖానూన్ గట్టిగా ఉన్న బెల్జియంలో, నెదర్లాండ్స్‌లో ఆ ఆటని విడుదలే చేయలేదు. ఒక యూట్యూబర్ తాను దాదాపు లక్ష డాలర్లు ఇందులో పోశానని తనే చెప్పుకున్నాడు. ఆఖరికి ఏమైంది? అతని బలానికి సరితూగే జోడీ దొరక్క, ఆటలోని యుద్ధాల్లో అతనికి మ్యాచ్ కలవడమే ఆగిపోయింది. గంటల కొద్దీ లైన్లో నిలబడ్డాడు. జాగీర్దారీ ఆఖరి మంజిల్ అదే. అందరికంటే బలవంతుడు, ఆడటానికి మనిషి లేడు.

"మరి నా మెహనత్ ఏమైనట్టు మామూ?" అని అడిగాడు మావాడు. ఈ సవాల్‌లో నొప్పి ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఆరు నెలలు రాత్రులు మేలుకుని ఒక హీరోని తయారుచేసినవాడికి అది మెహనతే. మరి దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోను?

మెహనత్ రెండు చోట్లకి పోతుంది. ఒకటి మనిషి ఒంట్లోకి. గాయకుడు పొద్దున్నే లేచి రియాజ్ చేస్తాడు, అది గొంతులోకి దిగుతుంది. హార్మోనియం ఎవరిదైనా, ఊరు ఏదైనా, ఆ గొంతు అతని వెంటే వస్తుంది. రెండోది పెట్టెలోకి. ఇది జమా. పెట్టె ఉంటే ఉన్నట్టు, పోతే లేనట్టు. మావాడికి ఒక ఇంతిహాన్ పెట్టాను. "నీ దోస్త్ ఖాతాలో కొత్త హీరోతో, ఒంటి మీద ఏమీ లేకుండా మొదలుపెట్టు. నీ ఆరు నెలల్లో ఎంత మిగిలిందో చూద్దాం." కొంత మిగిలింది, అది నిజం. ఏ దారి దగ్గర, ఏ రాక్షసుడు ఎప్పుడు చెయ్యెత్తుతాడు, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలి, ఏ విద్యకి ఏది జోడించాలి, అవన్నీ వాడి వేళ్లలో, బుర్రలో ఉన్నాయి. ఆ కొంతే ఈ-స్పోర్ట్‌కి పనికొచ్చే సరుకు. మిగతాదంతా జమా. దాన్ని ప్రాక్టీస్ అని పిలవడం అబద్ధం. ఒకే గుహలో ఒకే రాక్షసుణ్ణి ఐదొందలోసారి చంపుతున్నవాడు ఐదొందలోసారి ఏమీ నేర్చుకోవడం లేదు. ఉంగరం కోసం లైన్లో నిలబడ్డాడు, అంతే.

ఇక ఆ షర్తు సంగతి. జంబీల్‌ని గేటు బయట వదిలేస్తే ఇదే ఆట మైదానంలోకి రాగలదు. ఇది ఖయాల్ కాదు, చేసి చూపించినవాళ్లు ఉన్నారు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రైండింగ్ గేర్ గేమ్స్ అనే చిన్న కంపెనీ 2013లో పాత్ ఆఫ్ ఎగ్జైల్ విడుదల చేసింది. మొదటి నుంచీ వాళ్లు రేసులు పెట్టారు. గంట కొట్టగానే అందరూ ఒకటో లెవెల్‌లో, ఖాళీ చేతులతో సముద్రపు ఒడ్డున మొదలవుతారు. చెప్పిన టైములో ఎవరు ముందుకి పోతే వాళ్లది గెలుపు. హార్డ్‌కోర్ రేసులో ఒక్కసారి చస్తే ఆట ఖతం. నెలల తరబడి దాచిన ఖజానా ఏదీ అందులోకి రాదు. 2019లో ఆక్లండ్‌లో జరిపిన తమ సభలో ఆ రేసుని స్టేజీ మీదే ఆడించారు. జపాన్‌లో క్యాప్‌కామ్ కంపెనీ మాన్‌స్టర్ హంటర్‌తో ఇంకో రస్తా చూపించింది. ఆ ఆటలోని అరీనా వేటల్లో ఆయుధం, కవచం ఆటే ఇస్తుంది. ఇచ్చిన సామానుతోనే అదే మృగాన్ని ఎవరు తక్కువ టైములో పడగొడతారో చూస్తారు. సొంత ఇంటి ఖజానా పనికిరాదు. వీటి కజిన్ లాంటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రెండు టీములు ఒకే గుహలోకి విడివిడిగా దిగి పరిగెత్తే పోటీలు 2017 నుంచి జరుగుతున్నాయి. పోటీ కోసం వేరే సర్వర్, అందులో కావలసిన సామాను అందరికీ దొరుకుతుంది. డయాబ్లో వాళ్లు కూడా 2024లో నాలుగో భాగంలో గాంట్లెట్ అని ఒకటి తెచ్చారు. అందులో గుహ అందరికీ ఒకటే, రాక్షసులూ అవే చోట్ల ఉంటారు. కిస్మత్‌ని బయట పెట్టారు, కానీ జంబీల్‌ని లోపలికి రానిచ్చారు. సగం ఇన్సాఫ్.

చూశారా, దారి దొరికిన ప్రతిచోటా ఒకే పని జరిగింది. నిన్నటి సామాను వదిలేయడం, మనిషితో మనిషి కొట్టుకోవడం మానేసి గడియారంతో పరిగెత్తడం. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ కుస్తీ కాలేదు, దౌడ్ అయింది. దౌడ్‌కీ మైదానంలో ఇజ్జత్ ఉంది కదా!

అలాగని దౌడ్‌తో ముష్కిళ్లు అన్నీ తీరిపోయాయని చెప్పను. మొదటిది, చూసేవాడికి అర్థం కావడం. క్రికెట్ తెలియని మా ఖాలా కూడా బంతి బౌండరీ దాటితే చప్పట్లు కొడుతుంది. ఇక్కడ తెర నిండా మెరుపులు, మంటలు, అంకెలు. ఎవరు గెలుస్తున్నారో ఆడేవాడికే సరిగా తెలియదు. గిల్డ్ వార్స్ 2 అనే ఆట అందరికీ ఒకే లెవెల్, ఒకే బలం ఇచ్చి, 2015లో ఈఎస్‌ఎల్‌తో కలిసి మంచి డబ్బుతో లీగ్ పెట్టింది. ఇన్సాఫ్ ఉంది, ఇనామ్ ఉంది, అయినా ఎక్కువ కాలం నిలవలేదు. చూసే జనం లేకుండా ఏ మైదానమూ బతకదు.

రెండోది, ఒంటి మీద పడే భారం. 2023 జూన్‌లో డయాబ్లో 4 వచ్చినప్పుడు హార్డ్‌కోర్‌లో నూరో లెవెల్‌కి చేరే మొదటి వెయ్యిమంది పేర్లు ఒక విగ్రహం మీద చెక్కుతామని కంపెనీ ప్రకటించింది. అలాంటి రేసులో పందెం రోజుల తరబడి సాగుతుంది. అంటే హునర్ కంటే నిద్ర ఎవడు ఎక్కువ చంపుకోగలడన్నది తేల్తుంది. అందరికంటే ముందు నూరుకి చేరినవాడి హీరో తర్వాత ఎలా చచ్చాడో తెలుసా? ఏ రాక్షసుడూ గెలవలేదు, ఇంటర్నెట్ కనెక్షన్ తెగిపోయింది. ఇది చదివి నవ్వుకున్న ఆదోని, నిజామాబాద్, నల్గొండ పిల్లలకి ఒక మాట. మన వీధుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, నెట్ ఎప్పుడు ఆగుతుందో మీకే బాగా తెలుసు. ఒక్కసారి లైన్ తెగితే నెలల మెహనత్ మట్టిలో కలిసే ఆటలో, బ్యాకప్ పెట్టుకోగల ఇంటి పిల్లాడికీ మీకూ మధ్య పోటీ మొదలవక ముందే తేడా ఉంది.

ఇప్పుడు సర్కారు ముహర్ సంగతి. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్‌ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్‌ని గుర్తించింది. మీ పిల్లాడు చెప్పేది ఇంతవరకు నిజమే. చెప్పనిది ఏమిటంటే, ఆ చట్టమే ఈ-స్పోర్ట్ అంటే ఏమిటో కూడా రాసింది. ముందే నిర్ణయించిన నియమాలుండాలి. పందేలు ఉండకూడదు. గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా గెలుపోటములు చేతి చురుకుదనం, బుర్ర పదును, ఎత్తుగడ లాంటి హునర్ మీదే తేలాలి. ఈ గీటురాయి మీద రాత్రంతా ఉంగరం కోసం తవ్వడాన్ని పెట్టి చూడండి. ముహర్ వేసింది ఒక రకం పోటీ మీద. కంప్యూటర్లో ఉన్న ప్రతి ఆట మీదా కాదు. 2023లో చైనాలోని హాంగ్జౌ ఏషియాడ్‌లో ఏడు వీడియో గేములకి పతకాలిచ్చారు. డయాబ్లో తరహా ఆట అందులో ఒక్కటీ లేదు.

ఈ తేడాని పిల్లలకి ఎవరు చెప్పాలి? అమ్ముకునేవాళ్లు చెప్పరు. చెప్తే దుకాణం నడవదు. "ఇది కాలక్షేపం, ఇష్టమైతే ఆడుకో" అంటే అబ్బా జేబులోంచి డబ్బు రాదు. "ఇది నీ కెరీర్, ఇది నీ ట్రైనింగ్" అంటే వస్తుంది. కొత్త సీజన్ కొనిపించొచ్చు, సంచీలో ఇంకో అర కొనిపించొచ్చు, కోచింగ్ పేరుతో ఫీజు లాగొచ్చు. ఈ-స్పోర్ట్ అనే మాట ఇప్పుడు బిర్యానీ బోర్డు మీద 'హైదరాబాదీ' లాంటిది. ఎవడైనా రాసుకోవచ్చు, లోపల ఏముందో తిన్నాకే తెలుస్తుంది.

పిల్లలూ, ఇంకో హఖీఖత్ కూడా వినండి. కబడ్డీకి మాలిక్ లేడు. వీడియో గేమ్‌కి ఉన్నాడు. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో ఆపేశారు. 2021 జులైలో బీజీఎంఐగా వచ్చింది. 2022 జులైలో మళ్లీ ఆగింది. 2023 మేలో మళ్లీ మొదలైంది. అంత పెద్ద ఆటకే ఈ హాలత్. అయినా బీజీఎంఐ ఆగినప్పుడు మంచి ఆటగాడి గురి అతని వెంటే ఉంది, ఇంకో ఆటలోకి తీసుకెళ్లగలిగాడు. లూట్ ఆటలో సర్వర్ ఆగితే జంబీల్ దానితోపాటే పోతుంది. చేతిలో మిగిలేది ఏమిటో మీరే లెక్క వేసుకోండి.

పెద్దవాళ్లకి కూడా నా షికాయత్ ఉంది. మీరు ఆట పేరైనా అడక్కుండా "సబ్ టైంపాస్, సబ్ బర్బాదీ" అని ఒక్క మాటతో కొట్టేస్తున్నారు. అర్సలాన్‌నీ, గుహలో ఉంగరం తవ్వేవాణ్ణీ ఒకే కర్రతో కొడితే పిల్లలు మీ మాట రెండు విషయాల్లోనూ వినరు. ఫత్వాలు నా పని కాదు, అవి ఉలమాలకి వదిలేస్తాను. ఇంట్లో అడగాల్సిన మూడు సవాళ్లు మాత్రం చెప్తాను. తలుపు కొట్టి లోపలికి వెళ్లి, పక్కన కూర్చుని అడగండి. బేటీ ఆడుతుంటే ఆమెనీ ఇలాగే అడగండి.

మొదటిది: ఈ ఆటలో మ్యాచ్ మొదలైనప్పుడు నువ్వూ ఎదుటివాడూ సమానంగా ఉంటారా, లేక నిన్నటి సంపాదన వెంట వస్తుందా? రెండోది: డబ్బు పెడితే బలం పెరుగుతుందా, అందం మాత్రమే పెరుగుతుందా? మూడోది: రేపు ఈ ఖాతా పోతే నీ దగ్గర ఏం మిగులుతుంది? మూడింటికీ సరైన జవాబు వస్తే, ఆ పిల్లాడికి టైంటేబుల్ వేసి, మంచి హెడ్‌ఫోన్ కొనివ్వండి. చదువు పోకుండా, నిద్ర చెడకుండా పోటీలకి పంపండి. రాకపోతే, ఆటని ఆటలాగే ఉంచండి. సెలవు రోజు రెండు గంటలు తిలిస్మ్‌లో తిరిగి రావడంలో తప్పేమీ లేదు. దాస్తాన్ విన్నంత హాయి. దానికి ప్రాక్టీస్ అని పేరు పెట్టి చదువు మీదికి, నిద్ర మీదికి తోలడమే తప్పు.

ఇక పోటీలు పెట్టేవాళ్లకి నా ముతాలబా ఒక్కటే. మన కాలేజీ ఫెస్టుల్లో, మొహల్లా కేఫుల్లో డయాబ్లో పోటీ అని బోర్డు పెడితే, దాని కింద పెద్ద అక్షరాలతో ఇంకో లైను రాయండి: "అందరికీ కొత్త హీరో, ఖాళీ సంచీ, రెండు గంటల టైం." ఆ లైను రాసే దమ్ముంటే పోటీ పెట్టండి. నా పేపర్లో స్పోర్ట్స్ పేజీలో దానికి జగా అడగడానికి నేనే ముందు నిలబడతాను. రాసే దమ్ము లేకపోతే ఆ బోర్డు దించేయండి.